పన్నెండో దెబ్బ

అమెరికాలో మా అరోరా ఊళ్ళో నన్ను కర్రసాము మాస్టారు అని పిలిచే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆ ఒక్కడూ నేనే. మిగతా వాళ్ళకి నేను పంపుల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని, పిక్నిక్‌లకి పులిహోర చేసి తెచ్చే ఆవిడ భర్తని, పిల్లలకి అంకుల్‌ని. అయినా శనివారం పొద్దున్న పది గంటలకి తెల్ల పంచె బిగించి కట్టి, దాని కింద టెన్నిస్ బూట్లు వేసుకుని, ఎలిమెంటరీ స్కూల్ కేఫటీరియాలో అడుగుపెట్టగానే నా ఛాతీ రెండంగుళాలు పెరిగేది. పొట్ట మాత్రం అన్ని రోజులూ ఒకేలా ఉండేది. నాకప్పుడు యాభై దగ్గర పడుతున్నాయి. పొట్ట వయసు తక్కువే, అది అమెరికా వచ్చాక పుట్టింది.

డెబ్బైల చివర్లో మొదలుపెట్టాను ఆ క్లాసు. ఆ చుట్టుపక్కల వెదురు కర్ర దొరకలేదు. హార్డ్‌వేర్ షాపులో బట్టల అల్మరాలకి హ్యాంగర్లు తగిలించే గుండ్రటి కర్రలు అమ్ముతుంటే, పదిహేను కొని పిల్లల ఎత్తుకి కోయించాను. ఇన్ని అల్మరాలున్న ఇల్లు ఎవరిదని షాపువాడు ఆశ్చర్యపోయాడు. మొదటి ఏడాది పద్నాలుగు మంది చేరారు. "మన కల్చర్ తెలియాలి కదండీ" అని పిల్లల్ని నా దగ్గర దింపేసి తల్లిదండ్రులు షాపింగ్‌కి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళకి కావలసింది బేబీసిట్టర్ అని అందరికీ అర్థమైంది, నాకు తప్ప.

నేను నేర్చుకున్నది విజయనగరంలో, కుస్తీ, కర్రసాము నేర్పే తాలింఖానాలో. మా పద్ధతిలో దెబ్బలు పన్నెండు. గురువు పదకొండు నేర్పి ఊరుకుంటాడు. పన్నెండోది శిష్యుడే అడగాలి. అడిగితే గురువు "ఇంకేం లేదు, అయిపోయింది" అంటాడు. కొన్నాళ్ళాగి మళ్ళీ అడగాలి. మళ్ళీ అదే జవాబు. మూడోసారి కూడా వచ్చి అడిగినవాడికి తలుపులు వేసి నేర్పుతాడు. ఇది ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ నోటితో చెప్పరు. తాలింఖానాలో అడుగుపెట్టిన వాళ్ళందరికీ గాలిలో తెలిసిపోయేది. నేను మూడోసారి అడగడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా మా గురువుగారికి స్నానానికి నీళ్ళు తోడాను, కాళ్ళు పిసికాను, ఆయన చెప్పిన కథే ముప్ఫైసార్లు కొత్తగా విన్నట్టు విన్నాను.

అంత కష్టపడి నేర్చుకున్న దెబ్బ చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. ఎదుటివాడు తల మీదికి కర్ర ఎత్తగానే మనం వెనక్కి తిరిగి పారిపోతున్నట్టు ఒక అడుగు వేస్తాం. వాడు ఉత్సాహంగా మీదికి వస్తాడు. అప్పుడు ఎడమ మడమ మీద గిరుక్కున తిరిగి, కింద నుంచి వాడి మణికట్టు మీద కొట్టాలి. వాడి కర్ర ఎగిరి ఎక్కడో పడుతుంది. ప్రాణమంతా ఆ ఎడమ కాలిలోనే ఉంది. అది కాస్త ఆలస్యమైతే మన వీపు మనమే తీసుకెళ్ళి వాడికి అప్పగించినట్టు.

నా కూతురు అరోరాలోనే పుట్టింది. ఎనిమిదేళ్ళ వయసులో కర్ర పట్టుకుంది, పన్నెండేళ్ళు వచ్చేసరికి పదకొండు దెబ్బలూ నాకంటే శుభ్రంగా వేసేది. కూతురని చెప్పడం కాదు. కూతురు కాబట్టి పైకి ఎప్పుడూ చెప్పలేదు కూడా. మిగతా పిల్లలు గడియారం చూస్తూ కర్ర తిప్పేవాళ్ళు. దీనికి మాత్రం చేతిలో కర్ర ఉంటే చుట్టూ ఇంకేం కనిపించేది కాదు. పన్నెండో దెబ్బ దీనికే ఇవ్వాలని నేను ఎప్పుడో నిర్ణయించుకున్నాను. అది వచ్చి అడగడమే తరువాయి.

ఒక ఆదివారం పొద్దున్న వంటింట్లో అడిగింది.

"డాడీ, ఇలెవెన్ అయిపోయాయి కదా. ఇంకా ఏమైనా ఉందా?"

నా గుండె ఎగిరి గంతేసింది. అయినా బయటపడలేదు. మా గురువుగారి గొంతు అరువు తెచ్చుకుని, ఎటో చూస్తూ, "ఇంకేం లేదు. అయిపోయింది" అన్నాను.

"ఓకే" అంది. గిన్నెలో సీరియల్ పోసుకుని పాలు కలుపుకుంది.

ఒకటోసారి అయిందని మనసులో లెక్క పెట్టుకున్నాను. రెండోసారి కోసం ఎదురు చూడటం మొదలుపెట్టాను. నెల గడిచింది. ఆర్నెల్లు గడిచాయి. దానికి ఆసక్తి కలగాలని గరాజ్‌లోంచి కారు బయట పెట్టేసి, తలుపు గడియ వేసుకుని పన్నెండో దెబ్బ ఒక్కణ్ణే సాధన చేసేవాణ్ణి. లోపల ఏదో ఉందని తెలియాలని కాస్త గట్టిగానే చప్పుడు చేసేవాణ్ణి. నేను గరాజ్‌లో దొంగచాటుగా సిగరెట్లు తాగుతున్నానని అది వాళ్ళమ్మకి చెప్పింది.

"పిల్ల అడగడం లేదు అనుకునే బదులు, మీరే చెప్పేయొచ్చు కదండీ" అంది మా ఆవిడ, నా చొక్కా వాసన చూసి సిగరెట్టు లేదని తేల్చుకున్నాక.

"చెప్తే ఎలా? అది అడగాలి."

"అడిగిందన్నారుగా."

"ఒక్కసారే అడిగింది."

మా ఆవిడ నాకేసి కాసేపు చూసింది. ఆ చూపు నాకు అలవాటే. తర్వాత పప్పులో పోపు వేయడానికి వెళ్ళిపోయింది.

అలా రెండో ఏడు కూడా నేను ఎదురు చూస్తుండగా మా ఊళ్ళోకి ఒక కుర్రాడు దిగాడు. హైదరాబాద్ వాడు, ఇరవై ఎనిమిదేళ్ళు ఉంటాయి, పగలు కంప్యూటర్ ఉద్యోగం. కరాటే నేర్చుకున్నాడు, కర్ర తిప్పడం కూడా కొంత తెలుసు. రెండూ కలిపి, మధ్యలో గాల్లోకి ఎగిరి తన్నడం చేర్చి, వెనకాల క్యాసెట్‌లో దడదడలాడే మ్యూజిక్ పెట్టి, కొత్త స్టైల్ అన్నాడు. డబ్బులేసి బట్టలు ఉతుక్కునే లాండ్రోమాట్ పక్కన ఖాళీగా ఉన్న షాపు తీసుకుని అద్దాలు పెట్టించాడు. మొదలుపెట్టే ముందు మర్యాదగా మా ఇంటికి వచ్చాడు, అది మాత్రం ఒప్పుకోవాలి.

"అంకుల్, మీరు శానా సీనియర్. మీ బ్లెస్సింగ్స్ కావాలె" అన్నాడు.

మాస్టారు అని ఉంటే ఆశీర్వదించేవాణ్ణేమో. అంకుల్ అనేసరికి ఒళ్ళు మండింది. "గంతులకీ సాముకీ తేడా ఉంది బాబూ" అన్నాను. పాపం నవ్వి, కాఫీ తాగి వెళ్ళాడు.

ఆ చలికాలం అయ్యేలోగా నా పద్నాలుగు మంది ఆరుగురయ్యారు. ఇంతకీ ఆ కుర్రాడు ఏం చేస్తున్నాడో చూడాలని, ఇంట్లో వాషింగ్ మెషిన్ బంగారంలా పనిచేస్తుండగా, ఒక సంచీ నిండా ఉతికిన బట్టలే వేసుకుని లాండ్రోమాట్‌కి వెళ్ళాను. బట్టలు తిరుగుతుంటే, నేను బయట నించుని పక్క షాపు అద్దంలోంచి తొంగి చూశాను. నన్ను వదిలి వెళ్ళిన శిష్యులందరూ తెల్ల బట్టల్లో, నడుముకి రంగురంగుల బెల్టులతో వరసగా ఉన్నారు. గోడ మీద పెద్ద కాగితం. ఏ నెలలో ఏం నేర్పుతాడో, అది వస్తే ఏ రంగు బెల్టు ఇస్తాడో, మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా అన్నీ అందులో రాసి పెట్టాడు. రహస్యం లేని విద్య కూడా ఒక విద్యేనా అని నవ్వుకున్నాను. పిల్లలు క్లాసు కాగానే ఆ కాగితం దగ్గరికి పరిగెత్తి, వేలు పెట్టి చదువుకుంటూ ఎగురుతున్నారు. నా క్లాసు అయ్యాక వాళ్ళు పరిగెత్తేది కార్ల దగ్గరికి.

వేసవి వచ్చేసరికి కేఫటీరియాలో నేనూ నా కూతురూ మిగిలాం. అంత పెద్ద హాల్లో ఇద్దరం ఎదురెదురుగా నిలబడితే, పెళ్ళికి రావలసినవాళ్ళు ఎవరూ రాని కల్యాణమండపంలా ఉండేది. అప్పటికి దానికి పద్నాలుగేళ్ళు. ఒక శనివారం కర్రలు కారు ట్రంక్‌లో పెడుతూ చెప్పింది.

"డాడీ, డోంట్ బి మ్యాడ్. ఫాల్‌లో స్కూల్ తెరిచాక నేను కూడా ఆ కరాటే అంకుల్ క్లాస్‌లో జాయిన్ అవుతా."

"ఎందుకు?"

"నీ దగ్గర అంతా అయిపోయింది కదా. టూ ఇయర్స్‌గా సేమ్ థింగ్ చేస్తున్నాం."

ఇంటికి వచ్చేదాకా స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని కూచున్నాను. భయం వేసింది. క్లాసు పోతుందని కాదు, అది ఎలాగూ పోయింది. ఇది వెళ్ళిపోతే ఆ దెబ్బ నాతోనే పోతుంది. అంతకంటే భయం, దీనికి ఇక నాతో పనుండదు. స్కూలు, స్నేహితులు, ఫోను, అన్నిటి మధ్యా వారానికి ఒక్క గంట అది నా ముందు నిలబడేది, నా కళ్ళలోకి చూసేది. ఆ గంట తప్ప దానికీ నాకూ మధ్య వేరే భాష లేదు.

అప్పుడు నాకు అద్భుతమైన ఆలోచన ఒకటి వచ్చింది. నా జీవితంలో వచ్చిన అద్భుతమైన ఆలోచనలన్నీ నన్ను చిక్కుల్లో పడేసినవే. పన్నెండో దెబ్బ దాని కళ్ళ ముందు, పదిమందిలో వేసి చూపిస్తే, అదే పరుగెత్తుకొచ్చి రెండోసారి అడుగుతుంది. ఇంటికెళ్ళాక మూడోసారి. ఇంత చక్కగా లెక్క వేసుకుని ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. జులైలో తెలుగువాళ్ళ పిక్నిక్ ఉంది, పిల్లలు చూసి ఆనందిస్తారు, మనిద్దరం సరదాగా ఒక పోటీ పడదాం, ఎవరి కర్ర కింద పడితే వాళ్ళు ఓడినట్టు అన్నాను.

"వద్దు అంకుల్. మీకేమన్న అయితే ఆంటీ నన్ను చంపుతది" అన్నాడు.

"నాకేం కాదు. నీ సంగతి చూసుకో" అని మీసం మెలేశాను. ఫోన్లో మీసం కనిపించదని తర్వాత గుర్తొచ్చింది.

పిక్నిక్ రోజు ఎండ పేల్చేస్తోంది. పార్కులో ఒక పక్క వాలీబాల్, ఇంకో పక్క బొగ్గుల మీద చికెన్, షెల్టర్ కింద బల్ల మీద అల్యూమినియం ట్రేలలో పులిహోర, పెరుగన్నం, గారెలు. గడ్డిలో గుండ్రంగా జనం నిలబడ్డారు. నా కూతురు ముందు వరసలో, చేతిలో సోడా డబ్బాతో ఉంది. నేను పంచె ఎగ్గట్టి దిగాను. అప్పటికే రెండు గారెలు తిని ఉన్నాను, అది నేను చేసిన మొదటి పొరపాటు.

ఆ కుర్రాడు వంగి దణ్ణం పెట్టి మొదలుపెట్టాడు. కర్ర వాడి చేతిలో ఫ్యాన్ రెక్కలా తిరుగుతోంది. మొదటి నిమిషంలో నేను రెండు దెబ్బలు కాచుకున్నాను. మూడోది తొడ మీద పడింది. రెండో నిమిషానికి నా ఊపిరి చప్పుడు వాలీబాల్ ఆడేవాళ్ళకి కూడా వినిపించి ఉంటుంది. వాడు జాలిపడి కాస్త నెమ్మదించాడు. ఆ జాలి నాకు తొడ మీద దెబ్బ కంటే గట్టిగా తగిలింది. జనంలోంచి ఎవరో "చాలండీ, పెద్దాయన, ఒదిలేయండి" అన్నారు.

వాడు ముగిద్దామని కర్ర పైకెత్తాడు. నేను వెనక్కి తిరిగి గారెల బల్ల వైపు ఒక అడుగు వేశాను. నిజంగానే పారిపోతున్నాననుకుని జనం గొల్లుమన్నారు. ఇందులో నటించవలసిందేమీ లేకపోయింది, నా కాళ్ళకి ఆ ఆలోచన అప్పటికే ఉంది. వాడు నవ్వుతూ మీదికి వచ్చాడు. ఎడమ మడమ మీద తిరిగాను. వాడి కర్ర ఎగిరి, మా ఆవిడ చేసిన పులిహోర ట్రేలో నిలువుగా దిగబడింది.

అందరూ ఒక్కసారిగా అరిచారు. ఎవరో నన్ను ఎత్తబోయి, బరువు చూసి మానుకున్నారు. ఆ కుర్రాడు మణికట్టు పట్టుకుని, నోరు తెరిచి, "అంకుల్, అదేంది? అదేం దెబ్బ?" అంటున్నాడు. నేను నా కూతురి కోసం చూశాను. అది చప్పట్లు కొట్టడం లేదు. సోడా డబ్బా గడ్డిలో పెట్టి, కారు దగ్గరికి నడిచి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చే దారిలో సగం దూరం వచ్చాక, వెనక సీట్లోంచి అదే మొదలుపెట్టింది.

"నేను అడిగాను. ఇంకా ఏమైనా ఉందా అని అడిగాను. నువ్వు లేదు అన్నావ్."

"అది అలా అనాలి అమ్మా. అది పద్ధతి" అని, తాలింఖానా సంగతి, మూడుసార్లు అడగడం సంగతి అంతా చెప్పాను. చెప్తుంటే నాకే ఎంతో గొప్పగా వినిపించింది.

"సో, నువ్వు లై చెప్పావ్."

"అబద్ధం కాదు. నువ్వు మళ్ళీ అడగాలి, అంతే."

"మళ్ళీ ఎలా అడుగుతా డాడీ?" "ఈ ఇంట్లో ఏదైనా టూ టైమ్స్ అడిగితే నువ్వు ఏమంటావ్? ఒకసారి చెప్తే వినాలి, వాదించకూడదు అంటావ్. ఫ్రెండ్ ఇంట్లో స్లీపోవర్‌కి అడిగితే అదే. బైక్‌కి అడిగితే అదే. నువ్వు నో అంటే నో అనుకోమని నువ్వే కదా నేర్పించావ్?"

పక్క సీట్లో మా ఆవిడ కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తోంది, నోరు మెదపలేదు. అది ఎంత దయో ఆరోజు అర్థమైంది. రెండేళ్ళు నేను ఎదురు చూసింది, నా మాట విని, నన్ను నమ్మి, బుద్ధిగా ఊరుకున్న పిల్ల కోసం. అది అడగకపోవడం నా పెంపకమే.

"ఇంటికెళ్ళగానే నేర్పుతాను" అన్నాను.

"నాకు వద్దు."

సెప్టెంబరులో దాన్ని ఆ కుర్రాడి క్లాసులో నేనే చేర్పించాను. కేఫటీరియా ఇక అక్కర్లేదని స్కూలువాళ్ళకి చెప్పేశాను. శనివారాలు ఇప్పుడు అద్దాల షాపులో, ప్లాస్టిక్ కుర్చీల మీద, తల్లుల మధ్య కూచునేవాణ్ణి. ఒకావిడ అల్లిక తెచ్చుకునేది. ఇంకొకావిడ కూపన్లు కత్తిరించేది. నేను బూట్లకి కాపలా. నా కూతురు మాట్లాడటం మానలేదు కానీ, పాలు అయిపోయాయి, ఫోన్ నీకే, అంత మటుకే మాట్లాడేది.

మూడో వారం క్లాసు అయ్యాక ఆ కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు.

"అంకుల్, ఆ దెబ్బ నాకు నేర్పిస్తరా? నేనైతే ఎంత ట్రై చేసినా వస్తలేదు."

అలవాటుగా మా గురువుగారి మాట నాలిక చివరిదాకా వచ్చింది. వాడి వెనకాల నా కూతురు బెల్టు విప్పుకుంటూ ఆగిపోయి, నేనేం చెప్తానో అని చూస్తోంది. ఆ మాట మింగేశాను.

"నేర్పుతాను. నీకొక్కడికే కాదు, అందర్నీ నిలబడమను" అన్నాను.

మ్యూజిక్ ఆపించాను. పిల్లలు ఇరవైమంది, మోకాళ్ళ దాకా వేలాడే బెల్టులు కట్టుకున్న చిన్నవాళ్ళతో సహా, వరసలు కట్టారు. తలుపు బార్లా తెరిచే ఉంది, పక్కనుంచి డ్రయర్ల చప్పుడు వినిపిస్తోంది. అడుగు ఎలా వేయాలో, మడమ మీద ఎలా తిరగాలో, కర్ర ఎక్కడ తగలాలో చూపించాను. వాళ్ళు ఇంగ్లీషులో లెక్క పెట్టుకుంటూ వేశారు. మా గురువుగారు ఏడాది దాచిందీ, నేను ముప్ఫై ఏళ్ళు దాచిందీ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. అయిపోయాక నాకు నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. ఏడుపు తల్లుల ముందు బాగుండదని బూట్లు సర్దడానికి వంగాను. నా కూతురు ఆఖరి వరసలో నిలబడి, ఆ కుర్రాడు చెప్పాడు కాబట్టి చేసింది. నాకేసి ఒక్కసారి కూడా చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం అయ్యాక సోఫాలో కునుకు తీస్తున్నాను. గరాజ్‌లోంచి కర్ర చప్పుడు వినిపించింది. లేచి వెళ్ళాను. తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. అడుగు, తిరుగుడు, గాలిలో కర్ర. మళ్ళీ అడుగు, తిరుగుడు, కర్ర. వింటే చాలు నాకు తెలుస్తోంది.

"ఎడమ కాలు ఆలస్యమవుతోంది" అన్నాను తలుపు ఇవతల నుంచి.

చప్పుడు ఆగింది.

"నువ్వు లోపలికి రావద్దు" అంది.

"రాను."

మళ్ళీ మొదలుపెట్టింది. నేను బట్టల బుట్ట తిరగేసి దాని మీద కూచుని, "ఇంకా ఆలస్యమే" అనీ, "ఇప్పుడు తొందర" అనీ, "భుజం కాదు, మడమ" అనీ తలుపుకి పాఠం చెప్పాను. మా ఆవిడ అటుగా వచ్చి, మొగుడు చెక్క తలుపుతో మాట్లాడటం చూసి, ఏమీ అడగకుండా వెనక్కి వెళ్ళింది. ఎంతసేపు అలా గడిచిందో తెలియదు. ఒక దెబ్బకి అడుగూ కర్రా ఒకే చప్పుడుగా వినిపించాయి.

"అదీ!" అని అరిచేశాను.

గడియ తీసిన చప్పుడైంది. చెమటతో జుట్టు నుదుటికి అతుక్కుపోయి, ముఖం ఎర్రగా ఉంది. ఇంకా కోపంగానే ఉంది.

"గాలిని కొడితే తెలియట్లేదు. ఎదురుగా ఎవరైనా ఉండాలి" అంది.

నేను గోడకి ఆనించి ఉన్న కర్ర తీసుకుని లోపలికి వెళ్ళాను. దాని ముందు నిలబడి తల మీదికి ఎత్తాను. అది వెనక్కి తిరిగి ఒక అడుగు వేసింది. దాని వీపు చూస్తూ నేను ముందుకి వెళ్ళాను. ఆ తర్వాత నాకు కనిపించింది నా కర్ర గరాజ్ కప్పుకి తగలడం. వారం రోజులు ఫ్యాక్టరీలో కుడి చేయి వాచిపోయి, ఎడమ చేత్తో కొలతలు తీసుకున్నాను. ఏమైందని అడిగిన ప్రతివాడికీ, మా అమ్మాయి కొట్టిందని చెప్పాను.